దారి మూసిన ఎండాకాలం

ఫిబ్రవరి 23, 2020

శివరాత్రి అయిపోయింది. శ్రీశైలం మల్లన్న దగ్గరికి పోయే నాగలూటి అడవి దారి పొడుగునా మూడు రాళ్ల పొయ్యిలు. ముప్పైయారు దాకా లెక్కపెట్టి వదిలేశాను. కొన్నింట్లో ఇంకా నిప్పుంది. పైన బూడిద తెల్లగా చల్లారినట్టే కనిపిస్తుంది. కర్రతో కదిపితే కింద ఎర్రగా కన్ను తెరుస్తుంది.

నీళ్లు సగం దూరానికే అయిపోయాయి. మిగతా వాటి మీద మట్టి కప్పి కాలితో తొక్కాం. చెప్పు అడుగు కరిగింది.

పాదాలు బొబ్బలెక్కి, కుంటుతూ, మల్లన్నా అంటూ పోయే ముసలమ్మని ఏమని తిట్టను? కానీ ఇది ఆకు రాలే కాలం. అడుగేస్తే గలగలమంటోంది. ఆ చప్పుడు వాళ్లకి వినపడదా?

మార్చి 8

గొర్రెల కాపరిని పట్టుకున్నాం. పంచె మడతలో అగ్గిపెట్టె. బీడీ కోసమే మేడం అన్నాడు. వెనక గుట్ట మీద బోద గడ్డి రెండెకరాలు నల్లగా మాడి ఉంది. కేసు రాశాను. వేలిముద్ర వేస్తుంటే చెయ్యి వణికింది.

ఇంటికొచ్చి సంచి బోర్లిస్తే తొమ్మిది అగ్గిపెట్టెలు. ఈ నెలలో పట్టుకున్నవే. కిటికీ గట్టు మీద వరసగా పెట్టాను.

మార్చి 11

కురంగణి మంటకి రెండేళ్లు. 2018లో ఇదే రోజు. తమిళనాడు తేని కొండల్లో ట్రెక్కింగుకి పోయిన పిల్లలు. గడ్డి మంట గాలితో పాటు పైకి ఎక్కింది. ఇరవై ముగ్గురు పోయారు. ఆ ఫోటోలు అప్పట్లో ఫోన్లో వచ్చాయి, చూడలేక తీసేశాను. తర్వాత అక్కడ అగ్గి నెలల్లో కొండ దారులు మూసేస్తున్నారు.

ఇక్కడ మల్లన్న దగ్గరికి పోయే దారి ఎవరు మూయగలరు?

మార్చి 22

జనతా కర్ఫ్యూ. ఘాట్ రోడ్డు మీద ఒక్క బండి లేదు. చెక్‌పోస్ట్ గేటు పొద్దున దించింది దించినట్టే ఉంది. మధ్యాహ్నం నడి తారు మీద నెమలి. దాని నీడ, అది. ఇంకేం లేదు.

సాయంత్రం ఊళ్లో పళ్లేలు మోగాయట. ఇక్కడికి వినపడలేదు.

మార్చి 25

ఉగాది. నిన్న రాత్రి టీవీలో చెప్పారు, ఇరవై ఒక్క రోజులు. ఇంటికి పోవాలని సంచి సర్దుకున్నాను. మళ్లీ విప్పాను.

కన్నడ భక్తులు రాలేదు. నేను ఈ ఫారెస్ట్ బీట్‌కి వచ్చాక వాళ్లు లేని ఉగాది ఇదే. కంబళ్లు కప్పుకుని, కావళ్లు మోసుకుంటూ, భ్రమరాంబ మా ఇంటి ఆడపడుచు అంటూ సారె తెచ్చేవాళ్లు. దారంతా అలికిడి, పాటలు, పొగ. ఈసారి భీముని కొలను దిక్కు పొగే లేదు.

వేపపువ్వు కోసుకొచ్చాను. మామిడికాయ దొరకలేదు. చింతపండు, బెల్లంతోనే కానిచ్చాను. అమ్మ ఫోన్లో, “ఒక్కదానివే తిన్నావా” అంది. అవును అంటే, “నేనూ ఒక్కదాన్నే” అంది.

ఏప్రిల్ 1

ఫైర్ రిజిస్టర్ ముందేసుకుని కూర్చున్నా. నిరుడు ఈపాటికి రెండు పేజీలు నిండాయి. ఈసారి అర పేజీ. అందులో శివరాత్రి నాటివే ఎక్కువ. మార్చి 22 తర్వాత ఒక్క గీత లేదు.

మంట కనపడితే వచ్చే శాటిలైట్ మెసేజ్ రావడం లేదని ఫోన్ పాడైందేమో అనుకున్నా. పక్క బీట్ వాళ్లకి చేసి అడిగా. వాళ్లకీ రాలేదట.

సిగరెట్ విసిరే బస్సు లేదు. వంట చేసుకునే గుంపు లేదు. గొర్రెల మందలు ఊరి పొలిమేర దాటడం లేదు. మనుషుల్ని ఆపితే అగ్గి ఆగింది. ఇంత సులువా?

రాత్రి హాయిగా నిద్రపట్టింది. ఏప్రిల్ నెలలో! ఉద్యోగంలో చేరాక ఇదే మొదలు.

ఏప్రిల్ 5

రాత్రి తొమ్మిదింటికి దీపాలు పెట్టమన్నారు. క్వార్టర్ల ముందు అందరూ పెట్టారు. నేనూ రెండు ప్రమిదలు పెట్టి పక్కన బకెట్ నీళ్లు పెట్టుకుని కూర్చున్నా. వెలిగిస్తూ దండం పెట్టుకున్నా, ఆర్పేటప్పుడు వత్తి తడిపి చేత్తో నలిపా. ఈ అలవాటు ఇక పోదు.

ఏప్రిల్ 7

న్యూయార్క్‌లో బ్రాంక్స్ జూ పులికి కరోనా వచ్చిందట. దాంతో పులుల అడవుల్లోకి మనుషుల రాకపోకలు తగ్గించమని ఢిల్లీ నుంచి ఆదేశం. అడవి లోపలి గిరిజన గూడెం, పెంటకి పోయి చెప్పాలి.

చెప్పాను. అడవి లోపలికి ఎవరూ పోవద్దు అని.

పెంట పెద్దాయన విల్లు పక్కన పెట్టి చాలాసేపు నా మొహం చూశాడు. “లోపలికి పోవడం ఏందమ్మా? మేం ఉండేదే లోపల గదా.”

జవాబు లేదు నా దగ్గర. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నా.

ఏప్రిల్ 8

పున్నమి. పెద్దాయన ఆయనంతట ఆయనే చెక్‌పోస్ట్ దాకా వచ్చాడు. దూరంగా కూర్చున్నాడు, మొహానికి తువ్వాలు కట్టుకుని.

అగ్గి లేదు చూడు ఈ ఏడు, అన్నాను సంబరంగా.

“యాడికి పోతాదమ్మా. ఆకు చూసినావా? మద్దాకు, ఏపాకు మోకాటి లోతు పడింది. పోయినేడు మంట దాని తిండి అది తిని పోయింది. ఈ ఏడు తినలా. ఆకలి మీద ఉంది.”

వెదుర్లు రాసుకుంటే అగ్గి పుడుతుందంటారు కదా, నిజమేనా అని అడిగా.

“నా అరవై ఏండ్లలో నేను చూడలా. అగ్గి కాళ్ల మీద వస్తాది. ఆరేది గూడా కాళ్ల తోనే.”

ఆయన పోయాక ఆ మాట మళ్లీ మళ్లీ అనుకున్నా. ఆరేది కూడానా?

ఏప్రిల్ 13

ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించా.

శనివారం రాత్రి పదకొండు దాటింది. దోర్నాల నుంచి వచ్చే రోడ్డు పక్కన వెలుగు. బండి ఆపి పరుగెత్తా. పద్నాలుగు మంది. మిరపకాయ కోతలకి గుంటూరు వైపు పోయినవాళ్లు. కర్నూలు అవతల పల్లెలు. బస్సుల్లేక నడిచే వస్తున్నారట. చేతులు ఇంకా మిరప ఘాటుతో మండుతున్నాయని ఒకామె చెంగుకి తుడుచుకుంటూనే ఉంది. మూడు రాళ్ల మీద సత్తు గిన్నె. బియ్యం అప్పుడే ఉడుకు పట్టింది.

పులులు తిరిగే అడవి. రాత్రి. పొయ్యి. రూల్ ప్రకారం ఏం చెయ్యాలో నాకు తెలుసు.

చేయలేదు. చుట్టూ ఆకు ఊడ్చాను. వాచర్ కూడా చెయ్యి వేశాడు. గిన్నె దించేదాకా అక్కడే నిలబడ్డాం. పిల్లాడొకడు నా టార్చితో ఆడుకున్నాడు. తిన్నాక వాళ్లే బిందెలో మిగిలిన నీళ్లు పొయ్యిలో పోశారు. తాగే నీళ్లు అవి. నేను వద్దనలేదు.

దారులు మూశారు. మూసినందుకే కదా వీళ్లు ఈ దారి పట్టింది.

రిజిస్టర్‌లో ఏమీ రాయలేదు.

ఏప్రిల్ 18

లాక్‌డౌన్ మే 3 దాకా పెంచారు. కానీ అడవి సరుకు ఏరుకోవడానికి గిరిజనులకి సడలింపు ఇచ్చారు. తేనె, జిగురు, ఇప్పపువ్వు. పెంటకి పోయి ఈ మాట కూడా నేనే చెప్పాను. పది రోజుల కింద పోవద్దన్న నోటితోనే.

ఆడవాళ్లు ఏమీ అనలేదు. ఒకామె మాత్రం, “ఏరుకొస్తే కొనేదెవరు?” అంది. డిపో మూత. సంత లేదు.

ఇప్పపువ్వు చాలావరకు రాలి ఎండిపోయింది. చెట్ల కింద ఎవరూ ఊడ్చినట్టు లేదు.

ఏప్రిల్ 27

అమ్మ ఫోన్. దూడ పుట్టిందట. తర్వాత ఎందుకో నాయన మాట తెచ్చింది. “ఈ ఎండల్లో ఆయన మంద తోలుకుని కొండెక్కేవాడు, రెండు నెలలు మొహం కనపడేది కాదు.”

నాకు ఎనిమిదేళ్లుంటాయి. సద్ది ఇచ్చి రమ్మని అమ్మ పంపింది. మాపటేళ. నాయన బోద గడ్డి మొదట్లో కూర్చుని అగ్గిపెట్టె నా చేతికిచ్చాడు. గీయమ్మా, నీ చెయ్యి మంచిది, వాన పడితే లేత గడ్డి బాగా వస్తుంది అన్నాడు. గీశాను. చిటపటమంటూ గుట్ట మీదికి ఎర్రటి గీత పాకింది. ఎంత బాగుందో అనుకున్నా. చప్పట్లు కొట్టా.

పందొమ్మిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. ఇంటర్వ్యూలో అడిగితే అడవంటే ప్రేమ అని చెప్పా. అదీ నిజమే.

కిటికీ గట్టు మీద తొమ్మిది అగ్గిపెట్టెలు.

మే 5

రాత్రి రెండు దాటాక మెసేజ్. ఒక్కటి కాదు, వరసగా నాలుగు. నలభై రోజుల తర్వాత. మ్యాప్ మీద చూస్తే దారి లేని వాలు. ఒక్కో చుక్క అంటే 375 మీటర్ల చదరం, అందులో ఎక్కడైనా కావచ్చు.

తెల్లారి బయల్దేరాం. నేను, ఇద్దరు వాచర్లు. మిగతావాళ్ల ఊర్లు కంటైన్మెంట్‌లో ఉన్నాయి, రానివ్వడం లేదు.

మే 6

నిన్నంతా తప్పుడు లోయలో తిరిగాం. పొగ అవతలి గట్టు మీద లేస్తోంది, గాలి ఇటు తోస్తోంది. అంతా దగ్గర్లోనే ఉన్నట్టు వాసన. ఎక్కడా మంట లేదు. నీళ్లు అయిపోయి వెనక్కి వచ్చాం.

మామూలు ఏడు అయితే ఈపాటికి జిగురు వాళ్లో తేనె వాళ్లో ఎదురొచ్చేవాళ్లు. అమ్మా, ఫలానా బండ కింద అని చూపించేవాళ్లు. ఎవరూ ఎదురుపడలేదు. అడవిలో మనిషి లేకపోవడం ఇంత చెడ్డగా ఉంటుందని నాకు తెలియదు.

మే 7

రాత్రి తలుపు తట్టాడు పెద్దాయన మేనల్లుడు. పరుగున వచ్చాడు, ఒళ్లంతా మసి. సడలింపు ఉందని తెలుసు గానీ, పులుల అడవి కోర్ లోపలికి పోయానని కేసు పెడతారేమోనని రెండు రోజులు చెప్పలేదట. “మంట మా దేవుడి మాను దాకా వచ్చింది. ఇంక ఉండలేక వచ్చినా.”

పెంట నుంచి పదకొండు మంది వచ్చారు. ముందు నడిచింది పెద్దాయన. పచ్చి మండలు విరిచి, మంటకి ముందు గజం వెడల్పు ఆకు ఊడ్చుకుంటూ పోయారు. మా దగ్గర బ్లోయర్ ఒకటే. అది రెండు గంటలకే ఆగిపోయింది. మండలు ఆగలేదు. ఒకచోట ఊడ్చిన గీత నుంచి ఎదురు మంట పెట్టమన్నాడు పెద్దాయన. అగ్గిపెట్టె అడిగాడు.

నా సంచిలోంచే తీసి ఇచ్చాను.

రెండు మంటలూ ఎదురుపడి, ఒక్క ఊపున పైకి లేచి, కూలిపోయాయి. తినడానికి ఏం మిగల్లేదు.

మే 8

పొద్దున బూడిదలో నడిచాం. తాబేలు డొప్ప. పాము ఒకటి చుట్ట చుట్టుకున్నట్టే మాడి ఉంది. పొడి ఆకు లోతుగా ఉన్నచోట చెట్ల మొదళ్లు కూడా పట్టుకున్నాయి, నిరుడు కాలిన చోట్ల బోద అంచులే మాడాయి. ఆకలి మీద ఉంది అన్నాడు కదా.

రిపోర్టు రాయాలి. కారణం అనే గడిలో ఎప్పుడూ రాసేదే, గుర్తు తెలియని వ్యక్తులు. ఎవరి కంట పడింది అనే గడి దగ్గర పెన్ను ఆగింది. కుర్రాడి పేరు రాస్తే కోర్‌లోకి ఎందుకు పోయాడని అడుగుతారు. రాయకపోతే ఆర్పింది ఎవరో ఎవరికీ తెలియదు.

బీట్ తనిఖీలో కనిపించినది, అని రాశాను.

అబద్ధం. పెద్దాయన మొహం చూడలేకపోయా.

మే 21

చదువుకున్నప్పటి స్నేహితురాలు అమెరికా నుంచి ఫోన్ చేసింది. అక్కడ దక్షిణ రాష్ట్రాల అడవుల్లో ఏటా ఎండాకాలం ముందు కావాలని సన్న మంటలు పెట్టి ఆకు తగ్గిస్తారట. మనుషులు గుమిగూడకూడదని మార్చిలోనే ఆ పనులు ఆపేశారట. ఈ ఏడు మంటలు తగ్గినట్టు కనిపిస్తుంది గానీ, పెట్టాల్సిన మంటలు పెట్టలేదు, అంది.

ఇక్కడ పెద్దాయన చెప్పిందీ అదే. ఆయన ఏ ఫైలూ చదవలేదు.

మే 30

నిన్న వాన. కాలిన వాలు మీద లేత పచ్చ. రెండు చుక్కల దుప్పులు మేస్తున్నాయి.

నాయన ఉండుంటే, చూశావా అనేవాడు. చూశాను నాయనా. పక్కనే మొదలు మాడిన మద్ది చెట్టు కూడా చూశాను.

జూన్ 9

గుళ్లు తెరవచ్చన్నారు. గేటు ఎత్తాం. పొద్దున మొదటి కారు. శ్రీశైలం శిఖరం దగ్గర కోతులు కారు వెంట పరుగెత్తాయి, రెండున్నర నెలలుగా చెయ్యి చాపే మనిషి లేక.

సాయంత్రానికి రోడ్డు పక్కన ప్లాస్టిక్ సీసా, సిగరెట్ పెట్టె. వంగి తీశాను. కోపం రాలేదు. ఎందుకు రాలేదో.

మార్చి 12, 2021

నిన్న మళ్లీ శివరాత్రి. మాస్కులు గడ్డం కింద. అదే దారి, అవే మూడు రాళ్లు. ఈ సీజన్‌లో ఇప్పటికే రిజిస్టర్ మూడో పేజీలో ఉంది. వాన లేదు. నిరుడు మిగిలిన ఆకు మీద ఈ ఏటి ఆకు.

ఈసారి ఒక పని చేశాం. భక్తులు ఆగే ప్రతి చోటా డ్రమ్ము నీళ్లు, ఇద్దరు పెంట పిల్లలు. తిట్టొద్దు, గుంపు లేచి పోయాక పొయ్యి ఆర్పండి చాలు అని చెప్పా. కొందరు పెద్దవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆర్పారు. ఒక తాత చెంబుతో నీళ్లు పోస్తూ, మల్లన్న అడవి అని తెలుసు గానీ ఇట్లా అంటుకుంటాదని ఎవరూ చెప్పలేదమ్మా అన్నాడు కన్నడం కలిపిన తెలుగులో.

ఎవరూ చెప్పలేదా? ఇన్నేళ్లు మేం బోర్డులు పెట్టాం. ఆయనకి చదువు రాదు.

నాగలూటి దారి మీద ఈ శివరాత్రికి మంట లేదు. మిగతా చోట్ల ఉంది.

ఏప్రిల్ 2, 2021

నిరుడు మార్చిలో కేసు రాసిన కాపరి రోడ్డు మీద కనిపించాడు. తల వంచుకుని పోతున్నాడు. పిలిచి ఆపాను. మా నాయనా గొర్రెల కాపరే, అన్నాను. ఇంకేం చెప్పాలో తెలియలేదు. ఆయనకీ తెలియలేదు. కాసేపు గొర్రెల గురించి మాట్లాడుకున్నాం.

పోయేటప్పుడు, పడమటి గుట్ట మీద ఎవరో కట్టె కొడుతున్నారు మేడం, అగ్గి పెట్టేటట్టున్నారు, అన్నాడు.

నిజమే. టైముకి పోయాం.

జనవరి 16, 2022

కనుమ. మొన్న అడవుల సర్వే నివేదిక వచ్చింది. అంకెలు ఫోన్లో చూసి కాగితం మీద రాసుకున్నా.

2019 నవంబరు నుంచి 2020 జూన్ దాకా దేశం మొత్తం మీద శాటిలైట్ పట్టిన అడవి మంటలు 1,24,473.
తర్వాతి సీజన్ అవే నెలల్లో 3,45,989.

రెండున్నర రెట్లకి పైన. చాలాసేపు చూశా. దారులు మూసిన ఏడు, దారులు తెరిచిన ఏడు. అంతే అని రాసేయాలనిపించింది. కానీ 2020 ఎండాకాలంలో వానలు కూడా బాగా పడ్డాయి. అంతా లాక్‌డౌన్ ఖాతాలో వేయలేను. నా బీట్‌లో నా కళ్లతో చూసింది మాత్రం రాయగలను. దారిన పోయేవాళ్లు ఆగితే మంటలు తగ్గాయి. అడవిలో ఉండేవాళ్లని కూడా ఆపితే, పుట్టిన ఒక్క మంట మూడు రోజులు కాలింది. రెండింటికీ ఒకటే గేటు దించాం. అది తప్పు.

భోగి నాడు పెద్దాయన దగ్గరికి పోయి మే 8 నాటి రిపోర్టు సంగతి చెప్పా. ఏం రాశానో, ఎందుకు రాశానో. విని, “కాలింది ఆరింది గదా అమ్మా” అన్నాడు. నాకు సరిపోలేదు.

ఈ సీజన్ వాచర్ల లిస్టు రాసి పంపాను. మొదటి పదకొండు పేర్లు పెంటవాళ్లవి. పన్నెండోది కాపరిది. పక్కన కారణం రాయమంటే రాశా: మంటని ముందు చూసేది వీళ్లే.

కిటికీ గట్టు ఖాళీ చేశా. అగ్గిపెట్టెలు ఫైర్ లైన్ల పనికి సంచిలో వేశా.

రేపటి నుంచి లైన్లు కాల్చడం మొదలు. ఆకు పూర్తిగా రాలకముందే, మంచు ఆరకముందే కాల్చాలి. పెద్దాయన ఆరింటికి వస్తానన్నాడు.